వరాలమ్మ గంగాళం

పర్లాకిమిడి దిగంబర పాత్రో గారి రేడియో
మొన్న ఆషాఢంలో కాలిపోయింది.
దూడకు కుడితి పెట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు కాబట్టి
ఆయన మిగిలాడు.
"కొబ్బరిచెట్టు మీద పడి, తీగ పట్టుకుని లోపలికొచ్చిందమ్మా,
చెప్పులు కూడా విప్పకుండా వచ్చే చుట్టంలా"
అని ఫోనులో నవ్వాడు. గొంతు మాత్రం వణికింది.

ఆ రాత్రి గుణుపురంలో
నా డాబా మీది ఏరియల్‌ని మొదటిసారి భయంగా చూశాను.

గొయ్యి తవ్వడానికి సొమ్రా గొమాంగో వచ్చాడు.
నాలుగడుగులకే గునపం ఠంగుమంది.
"ఇక్కడ నేల మాట వినదు నానీ" అని
నూతి పక్క తడి చూసుకుని మళ్ళీ మొదలెట్టాడు.
మీ భాషలో పిడుగునేమంటారని అడిగితే
మబ్బు పట్టి ఉంది, ఇప్పుడొద్దన్నాడు.

కొత్త రాగి పలకంటే జీతంలో సగం.
పాత సామాను కొట్లో గంగాళం దొరికింది:
అడుగున సొట్ట, అంచున చుక్కలతో చెక్కిన తెలుగు అక్షరాలు.
ఒడియా తప్ప రాని కుర్రాడు ఏం రాసుందన్నాడు.
"బెహరా వరాలమ్మ."
"ఎవరు?"
నాకేం తెలుసు. తూకం వెయ్యమన్నాను.
కంచరి దాన్ని చీల్చి పలకగా సాగగొడుతుంటే
పేరు తెగకుండా చూడమన్నాను, ఎందుకో.

బొగ్గు, ఉప్పు, మళ్ళీ బొగ్గు,
నడుమ నిలువుగా వరాలమ్మ.
గోడ దిగే రాగి పట్టీని ఎక్కడా మడత పడనివ్వలేదు.
పిడుగు మలుపు తిరగదు, దూకుతుంది.
కరెంటాయన ఎర్తు వేరు, నా ఎర్తు వేరు అని వదిలేస్తే
వాటి తగువు నా పెట్టె తీరుస్తుంది, ప్రాణమిచ్చి.
అందుకని రెండు గోతులకీ ఒకే తీగ వేశాను.
ఒక ఇంటికి రెండు నేలలు పనికిరావు.
ఈ మాటంటే పాత్రో గారు,
"మా ఇంట్లో మూడు భాషలున్నాయి, వాటినేం చెయ్యను?" అన్నాడు.

ఇంత చేశాక కూడా
మబ్బు వంశధార దాటకముందే
తీగ పీకి కిటికీ బయట పడేస్తాను.
రాగి మీద నమ్మకముంది. చేతి మీద ఇంకొంచెం ఉంది.

తుఫాను రాత్రి అదే కష్టం.
కాశీనగరం నుంచి ఎవరో నీటిమట్టం చదువుతున్నారు.
"యాభై..."
అంకె సగంలో ఉండగానే పీకేశాను.
నలభై నిమిషాలు ఆ యాభై
నా ఎదురు కుర్చీలో కూర్చుంది.
ఒక్కసారి పెరడంతా తెల్లబడింది.
గొయ్యి మూత మీద లేచింది ఆవిరో,
వానే అలా కనిపించిందో.

ఉరుము దూరమయ్యాక తగిలించాను.
గరగర. గరగర.
తర్వాత అదే గొంతు, బొంగురుపోయి:
"యాభై నాలుగు పాయింటు రెండు. ఎవరైనా వింటున్నారా?"

వేసవిలో గోతికి దాహం.
వారానికి రెండు బిందెలు పోస్తాను.
పక్కింటి పిల్ల గోడెక్కి అడిగింది,
"ఏ మొక్కకి పోస్తున్నావు?"
"వరాలమ్మకి."
తలూపి దిగిపోయింది.
మర్నాడు తనూ ఒక చెంబు తెచ్చింది.