ఐమూల కుట్టు

కరీమాబాద్ సందుల నా కుట్టుమిషన్ కాడికి
కొలిపాక ఓదెలు మామ రెండు గుడ్డముక్కలు పట్టుకొచ్చిండు.
ఒకటెరుపు, ఒకటి పసుపు.
"ఐమూలగా కలుపు బిడ్డా.
మీద ఎరుపు, కింద పసుపు.
గజం పొడుగు, గజం వెడల్పు. ముడత రావద్దు."

ఐమూల కోస్తే బట్ట సాగుతది,
ఎంత అదిమి పట్టినా ఒక కొస గుంజుకపోతది.
"సముద్రం గూడ గంతే" అన్నడు.

మాకు సముద్రమేడిది?
వడ్డేపల్లి చెరువు మత్తడి దుంకితే
సద్ది కట్టుకపోయి చూసొస్తం, అంతే.
మామ తండ్రి ఆజంజాహి మిల్లుల పనిజేసెటోడు.
ఆ మిల్లు కూతకే ఇంట్ల పొయ్యి వెలుగుతుండె, ఆరుతుండె.
పద్దెనిమిదేండ్లకు మామ కాజీపేటల రైలెక్కి
విశాఖపట్నం పోయి నేవీల చేరిండు.
ఆడ సైరన్ కూస్తే దీపాలార్పుడు నేర్సుకున్నడు.

డెబ్బై ఒకటి, డిసెంబర్.
కిటికీలకు నల్లకాయితం, లారీల లైట్లకు సగం నల్లరంగు,
ఊరు మొత్తం ఊపిరి బిగవట్టినట్టున్నది.
నడిరాత్రి ఒక్కటే చప్పుడు,
నీళ్ల కిందికెళ్లి ఎవలో తలుపు తన్నినట్టు.
జాలరిపేటల అద్దాలు పలిగినయి, పిల్లలు లేసి ఏడ్సిండ్రు.
కుక్కలు మాత్రం మొరగలేదంట.
గదొక్కటి మామకు ఇప్పటికీ అర్థంగాదు.

తెల్లారి అందరు గెలిచినమన్నరు.
మామ గూడ టోపీ ఎగరేసిండు, అబద్ధమెందుకు.
రెండొద్దుల తర్వాత ఒడ్డు మీద నడుస్తుంటే
ఒక అల వచ్చి కాళ్ల కాడ
అంగీ గుండీ ఒకటి పెట్టిపోయింది.
నాలుగు తొర్రలు. ఒకదాన్ల ఇంక దారమున్నది.
వాళ్లదో, మనదో, చేపలు పట్టెటోనిదో.
"ఎవలదైతేంది, దారం ఎవలో ఎక్కిచ్చిండ్రు కదనే.
తల్లో, పెండ్లామో, నీ అసొంటి ఒక దర్జీదో."

ఖిల్లా చూడనీకి చుట్టాలొస్తే
మామ తోరణాల కాడ ఎక్కువసేపు నిలవడడు.
మోటుపల్లి రేవుల పాతిన రాయి ముచ్చట చెప్తడు.
గాలివానకు పలిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సొమ్ము
అంతకుముందు ఏలినోళ్లు గుంజుకునెటోళ్లట.
ఈ కోటల కూసున్న రాజు మాత్రం,
సుంకం కట్టి మీది మీరు కొంటవోండ్రి,
భయం లేదని రాపిచ్చిండట.
"ఆయన సముద్రం చూసిండో లేదో.
మునిగినోని ఏడ్పు మాత్రం ఓరుగల్లు దాక ఇనవడ్డది.
నేను చూసి గూడ, గుండీ జేబుల ఏసుకొచ్చిన."

డిసెంబర్ నాలుగున టీవీల
విశాఖ ఒడ్డు మీద బ్యాండు మోగుతున్నది.
ఇక్కడ దాబా మీద మామ వెదురు కట్టె నిలవెట్టిండు.
ఏ పార్టీదని కార్పొరేటర్ మనిషొచ్చి అడిగిపోయిండు.
పసుపు, ఎరుపు చూసి, సమ్మక్క మొక్కేమోనని
ఐలవ్వ చెప్పులిడిసి దండం పెట్టింది.
మామ నవ్విండు, ఎవలకేం చెప్పలే.

తెల్లారి జెండా దించుకొచ్చిండు, కొస చినిగిందని.
సూదిల దారమెక్కిస్తుంటే
అడగకుండనే చెప్పిండు:
"ఓడ మీద గీ జెండా లేసిందంటే
మనిషి నీళ్లల్ల పడ్డడని. ఓడ మళ్లించుమని."

"యాభై ఏండ్లు దాటె కద మామా."
"పడ్డడు కద బిడ్డా."

కుట్టుకూలి తీసుకోలే. గుండీ అడిగిన.
చాన సేపు జేబు తడుముకున్నడు,
దొరకక కాదు.
చినిగిన కొస మడిచి, దాని మీద ఆ గుండీ కుట్టిన.
మూడు తొర్రలకే నా దారం.
నాలుగోదాన్లది
ఎట్లున్నదో గట్లనే ఉంచిన.