తరుగు

రొయ్యల కాటా దగ్గర రాసేదాన్ని నేను.
ట్రే ఎక్కుతుంది, అంకె వణుకుతుంది, ఆగుతుంది.
నీళ్ళకని ట్రేకి రెండొందల అరవై గ్రాములు
తరుగు కొట్టి రాస్తాను.
నా చేతిరాత బావుంటుందంటారు.

ఆదివారం కొనుగోలు లేదు.
ఎవరూ లేకుండా చూసి
నా సైకిల్ని కాటా ఎక్కించాను.
పది కిలోల తొమ్మిదొందల నలభై.
ఎవరో నా వయసు పైకి చదివినట్టు సిగ్గేసింది.

చీటీ పాడుకున్న డబ్బు పన్నెండు వేలు.
పాలకొల్లులో సత్యానందం మేస్త్రి
ఒక్కో సామాను బల్ల మీద పెట్టి రేటు చెబుతుంటే
నేను గ్రాముకింతని కట్టుకుంటున్నాను,
ముప్పై కౌంటుకీ నలభై కౌంటుకీ తేడా కట్టే నోరు కదా.
కార్బన్ ఫోర్కు, గ్రాము తగ్గడానికి ఇరవై మూడు.
సీటు రాడ్డు, ముప్పై. తీసెయ్యండి.
మడతపడే టైర్ల జత, పదిహేడు.
గుప్పిట్లో దాగిపోయే నారింజరంగు ట్యూబులు, పదకొండు.
"అన్నీ సరే గానమ్మా,
మన వైపు మెరకెక్కడుంది?
పంటకాలవ మీద కల్వర్టు తప్పితే?"
అన్నాడాయన, చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ.

ఉందండి. చించినాడ వంతెన.
తెల్లారి ఐదున్నరకి లారీలు ఇంకా నిద్రలో ఉండగా
కొబ్బరి తలలు ఒక్కొక్కటీ కిందికి దిగిపోతాయి,
వశిష్ఠ ఒళ్ళు విరుచుకుంటుంది రెండు పక్కలా,
సముద్రం వైపు నించి గాలి వచ్చి
రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపుతుంది.
అక్కడ,
మూడో స్తంభం దాటాక,
ప్రతి గ్రామూ నాకు పేరుతో తెలుసు.

చక్రాలు అమ్ముతానన్నాడు భీమవరం కుర్రాడు హర్షిత్ రాజు.
ఏడాది వాడినవి. తొమ్మిది వేలు.
"జత పదహారొందల యాభై గ్రాములే అక్కా, కంపెనీ మాట."
తిప్పి చూపించాడు. పుల్లలు కనపడలేదు,
ఎండ ముక్కలై గోడంతా పరిగెత్తింది.
నాకు కావాలనిపించింది.
పెళ్ళి చీర మీద కూడా అంత అనిపించలేదు.

కాటా దగ్గరికి తీసుకురమ్మన్నాను.
పెట్టాడు. అంకె వణికింది, ఆగింది:
పంతొమ్మిదొందల పది.
వాడు వంగి చూశాడు. కాటాని తట్టాడు.
"మీ మిషను తేడాగా ఉందేమో."
లేదు బాబూ, అన్నాను,
ఇది నాకు తెలిసిన కాటా.
పంతొమ్మిదొందల పదిలో పదహారొందల యాభై పోతే
రెండొందల అరవై.

ఆ అంకె నోట్లోనే ఆగిపోయింది.

రోజూ నేను రాసే అంకె అది.
ఐసుపెట్టె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు కాసేపు.
నీళ్ళు నిజంగా అంత ఉంటాయా అని
ఇన్నేళ్ళలో ఒక్కసారీ ట్రేని వంచి చూడలేదు నేను.
ఓనరు చెప్పాడు, రాశాను.
పన్నెండు వేల చీటీలో నెలకి వెయ్యి నా జీతం,
ఆ జీతంలో ఎన్ని రెండొందల అరవైలో.

హర్షిత్ చక్రాలు భుజానేసుకుని వెళ్ళిపోయాడు.
వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

టైర్లూ ట్యూబులూ కొన్నాను. ఆరు వేల రెండొందలు.
మేస్త్రి బిగించి, పాత టైర్లు నాకే ఇచ్చేశాడు,
పొట్లకాయ పాదుకి కట్టుకోమని.
నాలుగొందల ముప్పై గ్రాములు తగ్గాయట.
మర్నాడు వంతెన మీద
గాలి మాత్రం ఎప్పటి బరువే ఉంది.
అయినా మూడో స్తంభం దగ్గర
గేరు దించలేదు, ఒట్టు.

ఏడు గంటలకి మొదటి ట్రే, ఏడుకొండలుది.
నలభై కౌంటు, మీసాలు ఇంకా కదులుతున్నాయి.
"రాయండమ్మా" అన్నాడు, అలవాటుగా,
తరుగు కూడా తనే కలిపి చెప్పబోతూ.
ఒక్క నిమిషం, అన్నాను.
ట్రేని ఓ మూలకి వంచి పట్టుకున్నాను.
గదిలోంచి ఓనరు కుర్చీ కిర్రుమంది.
నీళ్ళు ధారగా, తర్వాత చుక్కలుగా.
కాటా సున్నా దగ్గర వెలుగుతూ ఉంది.
పెన్ను మూత తియ్యలేదింకా.