బేటా కవర్లు

సాలిగ్రామంలో రెండో అంతస్తు ఆఫీసు.
కథ చెబుదామని బైండు చేయించిన ఫైలు పట్టుకెళ్లాను.
పేరిందేవిగారు దాన్ని తెరవలేదు,
ఫ్యాను గాలికి లేస్తున్న వోచర్ల మీద పెట్టారు.
"కూర్చో. నూట పన్నెండు కవర్లు. పేర్లు రాయి."

నిర్మాతంటే చెక్కు మీద సంతకం అనుకున్నాను.
తెల్లారి నాలుగింటికి వడపళనిలో
యూనిట్ బస్సెక్కి తలలు లెక్కపెట్టడమట.
రాత్రంతా పనిచేసిన లైట్‌మన్ సెల్వానికి
పగలు చీకటిగా ఉండే గది వెతకడం,
ఫైటర్లకు గుడ్లు రెండేసి,
జనరేటర్లో డీజిలు ఎంతసేపొస్తుందో
చప్పుడు విని చెప్పడం.

కోవళం ఒడ్డున ఆరోజు వాన పట్టుకుంది.
డైరెక్టరు మబ్బును చూస్తున్నాడు.
కెమెరామన్ డైరెక్టరును చూస్తున్నాడు.
గంటకెంత పోతోందో చెప్పమని
ఆవిడ నన్నడిగారు.
చెప్పాను. నోరెండిపోయింది.
"ఆ అంకె మింగేసి వెళ్లి
అందరికీ వేడి బజ్జీలు చెప్పు."

నాలుగున్నరకి వెలుగొచ్చింది.
ఒకే షాటు:
అమ్మాయి తడి ఇసుకలో చెప్పులు వదిలేసి నడిచింది, అంతే.
అందరూ మానిటరు చుట్టూ మూగారు.
మేమిద్దరం వెనకాల
కవర్లు వరస పెట్టుకుంటున్నాం.
సౌకారుపేట నుంచి అప్పటికి మూడు ఫోన్లు.
ఆవిడ చేతిమీద, మొన్నటి గాజుల చోట,
తెల్లటి గీత.
నేనడగలేదు.
ఆవిడ చెంగు కాస్త ముందుకు లాక్కున్నారు.

నా ఫైలు ఇంకా ఆ వోచర్ల మీదే ఉంది.
బరువు సరిపోతోందట.