మూడో లైనె

కోట్కా రేవులో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే కిటికీ నల్లబడింది.
పైనుంచి వచ్చిన కాగితంలో ఒకటే విషయం:
లైనె అనే ఓడను కొన్నవాళ్లు
దానికి హల్లా అని పేరు పెట్టుకున్నారు,
నలభై ఒక్క ఏళ్ల లాగ్‌బుక్కుల్లో మార్చగలరు.

మార్చగలను. అదెంత పని.
వెతుకు: లైనె. పెట్టు: హల్లా.
పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడకు.
ఒక్క వరుస రాసి, మీట నొక్కి
కాఫీ తెచ్చుకునేలోగా
రెండు వేల మూడు వందల పదిహేడు చోట్ల మారిందని
మర్యాదగా చెప్పింది యంత్రం.

మా భాషలో లైనె అంటే అల.
హల్లా అంటే రాత్రికి రాత్రి పైరును మాడ్చే మంచు.
ఆ సంగతి దానికి ఎవరు చెప్పారు?
గుడ్డెద్దు చేలో పడ్డట్టు
పుస్తకమంతా తొక్కుకుంటూ పోయింది.
జూలై పదకొండు, నైరుతి గాలి,
మంచు ఎత్తు రెండు మీటర్లు.
వంటమనిషి ఔనె లైనె కాస్తా
జీతాల పట్టీలో ఔనె హల్లా అయింది.

సోమవారం ఆవిడే వచ్చింది,
పింఛను కాగితం ఒక చేతిలో,
నీళ్లు కారే గొడుగు ఇంకో చేతిలో.
"డెబ్బై తొమ్మిదేళ్లు. పెళ్లే చేసుకోలేదు.
ఇంటిపేరు మార్చిన మొగుడెవరమ్మా?"

పాత ప్రతి వెనక్కి తెచ్చుకున్నాను.
ఈసారి ఒక్కో వరుసా.
ఇక్కడ మొదటిది ఉంచు, రెండోది మార్చు.
ఇక్కడ ముందు ఔనె ఉందా, పక్కకు తప్పుకో.
యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది, నేను ఒకటి నుంచి;
ఆ ఒక్క మెట్టు తేడాకు
పొద్దుటి పనంతా మళ్లీ చేశాను.
ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది,
ఎవరూ కూర్చోమనలేదు.

ఎనభై ఏడు, అక్టోబరు తొమ్మిది.
"డెక్కు మీది కుర్రాడు ఒస్మో నీళ్లలో పడ్డాడు.
పదకొండు నిమిషాలు.
పైకి లాగాక అన్నది ఒకటే మాట:
లైనె, లైనె, లైనె."

ఏది మార్చను?

ఔనె కళ్లద్దాలు తుడుచుకుని
తెర మీద వేలు పెట్టింది. "ఇది ఓడ."
వేలు జరిపింది. "ఇది అల."
మూడోదాని దగ్గర వేలు ఆగిపోయింది.
కాసేపటికి, చల్లారిన నా కాఫీ
తనదే అన్నట్టు తాగేసింది.

ఈ వరుసలో మొదటిది మాత్రమే, అని రాశాను.
హల్లా, లైనె, లైనె.

గొడుగు విదిలించి లేస్తూ అంది:
"ఆ రోజున ఓడకు ఆ పేరు లేదుగా.
మునిగేవాడు ముందే ఎలా పిలుస్తాడు?"

పైనుంచి ఆర్డరండీ, అన్నాను.

ఆవిడ మెట్లు దిగాక
ఆ ఒక్క వరుసా మళ్లీ మొదటికి తెచ్చాను.
చివరి లెక్కలో ఒకటి తక్కువ వచ్చింది.
ఎవరైనా అడిగితే
సున్నా నుంచి మొదలెట్టానంటాను.