చీల

పెబ్బేరు సంతల గొర్లమ్మినంక
కుర్మయ్య చెప్పిడిసి నా ముందరేసిండు:
"వారు తెగింది, జర కుట్టు."

తిప్పి చూస్తే
అట్టలోంచి పైకి పొడుసుకొచ్చిన చీల,
మొనకు ఎండిన నెత్తురు.
"గుచ్చుతలేదా?"
"ఏం గుచ్చుడు! చీమ కుట్టినట్టు గూడ లేదు."

నలభై ఏండ్లసంది కాళ్లే చూస్తున్న.
ఆనెకాయలోడు అడుగు ఓరగ ఏస్తడు,
మడిమలు పగిలినామె మునివేళ్ల మీద వస్తది.
నొచ్చే కాలుకు నోరుంటది.
నీది మూగబడ్డది కుర్మయ్యా,
షుగరొచ్చి ఎన్నేండ్లాయె?

గొర్రె కుంటకముందే
గిట్ట లేపి చూస్తవు,
నీ అరికాలెన్నడన్న చూసినవా?

చీల పీకిన. వారు కుట్టలే.
వనపర్తి బస్సు నిలబడ్డది,
దవాఖానకు పో.
వట్టికాళ్లతోని గాదు,
ఇగో, నా జోడు తొడుక్కో.
కట్టు చూపిచ్చినంకనే
నీ చెప్పు నీకిస్త.