ఊ కొట్టే చోటు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
రాత్రి పది నుంచి ఆరు దాకా నాది ఒకటే పని,
గంటకోసారి నాలుగు గదుల చలిని
రిజిస్టర్లోకి ఎక్కించడం.
ఐదు పాయింట్ రెండు. ఐదు పాయింట్ మూడు.
లోపల వేల టిక్కీల తేజ మిరపకాయ
కోపం చల్లారకుండానే నిద్రపోతుంటుంది.

ఒక చెవిలో కంప్రెసర్.
ఒక చెవిలో పాచికలు.

ఆటే అది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు,
ఒకరు లోకం చెబుతారు, ముగ్గురు అందులో నడుస్తారు.
గోడ దూకగలరో లేదో
ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.
"ఎవరో ఆడుకుంటుంటే నువ్వు వినడమేంట్రా?"
అంది మా అక్క నీలవేణి,
క్రికెట్ కామెంటరీకి అన్నం చల్లారబెట్టే ఇంట్లో పుట్టి.

మొదట దొరికింది హైదరాబాద్ వాళ్లది.
వానంటే వాన చప్పుడు, కత్తంటే కత్తి చప్పుడు.
ఎక్కడా ఒక దగ్గు లేదు,
ఎవరూ తడుముకున్న జాడ లేదు, అంతా కోసేశారు.
రాక్షసుడు కూలేసరికి సంగీతమూ సరిగ్గా అయిపోతుంది.
వడ్డించిన విస్తరి, కాదనను.
కానీ ప్రతిసారీ పాచిక పారే మనిషిని
నేను పూర్తిగా నమ్మలేను.

తర్వాత విశాఖ కుర్రాళ్లు.
మూడు గంటల్లో గంటన్నర నవ్వే.
వంతెన దాటడానికి సుంకం అడిగిన భూతంతో
నలభై నిమిషాలు బేరమాడారు,
రైతుబజార్లో కూడా అంత ఆడరు.
"రాజు పేరేంట్రా?" "పోయిన వారం ఏం చెప్పాం?"
ఆ రాజుకిప్పుడు మూడు పేర్లు.
వాళ్లకి కథ తెలీదు, ఒకళ్లకొకళ్లు తెలుసు.
మూడో గదిలో పగలబడి నవ్వితే
నా నవ్వు పొగై కనిపించింది.

మూడోది, తెనాలి యాస ఒకావిడ.
ఆడేది ఇద్దరే. చెప్పేది తక్కువ.
"తలుపు మూసుంది.
ఇప్పుడే దీపమార్పిన వాసన. ఏం చేస్తావు?"
ఇక మాట్లాడదు.
పాచిక చెక్క మీద దొర్లడం చివరిదాకా వినిపిస్తుంది.
ఒకసారి లెక్కపెట్టా, పదకొండు సెకన్లు.
పాచిక పారకపోతే కథను చంపదు,
పక్క సందులోకి తిప్పుతుంది.

ఆ పదకొండు సెకన్లలోనే
నాకు తెలీకుండా "ఊ" అన్నాను.

ఎన్నాళ్లైంది ఆ మాట అని.
మా బాబాయి లారీలో చిలకలూరిపేట దాటాక
కథ మొదలెట్టేవాడు.
"నువ్వు ఊ కొడుతూ ఉండాలి,
ఊ ఆగితే నేను నిద్రపోతా" అనేవాడు.
ఎనిమిదేళ్లవాణ్ణి, కళ్లు మూతలు పడుతుంటే
తొడ గిల్లుకుని మరీ అనేవాణ్ణి.
పది టన్నుల పత్తి
నా ఊ మీద నడిచింది ఆ రాత్రులన్నీ.

శుక్రవారం కరెంటు పోయింది.
జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ కలిపేసరికి
నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది.
అమ్మోనియా వాసనలో, బస్తా మీద కూర్చుని
హమాలీ నాగుల్ మీరా అడిగాడు,
"ఇంతకీ ఆ దొంగ ఏమయ్యాడన్నా?"
రోజూ టీ దగ్గర నేను చెప్పేదే అతనికి పాడ్‌కాస్ట్.

"నాకూ తెలీదు. దొంగవి నువ్వే అనుకో.
తలుపు ముందు నిలబడ్డావు. ఏం చేస్తావు?"

చాలాసేపు ఏమీ అనలేదు.
లెక్కపెట్టలేదు నేను.
"తాళం తీస్తా."

పాచిక లేదు మా దగ్గర.
బ్యాటరీ థర్మామీటర్ మీద టార్చి వేశాడు,
"పాయింట్ తర్వాత ఎంతుంటే అంత."
ఐదు పాయింట్ తొమ్మిది.
మిరపకాయకి చెడ్డ అంకె, దొంగకి మంచిది.

"తెరుచుకుంది," అన్నాను.
లోపల ఏముందో ఇంకా నేనూ చూడలేదు.
చీకట్లోంచి అతను
"ఊ" అన్నాడు.