సారక్క సంతకం

హైదరాబాద్ వకీలు ఫోన్ల్నే తేల్చేసిండు:
ఈసీ సాఫ్, లింకు కాగితాలు సాఫ్,
బయానా ఇచ్చుకోవచ్చు.

ఎందుకో మనసొప్పక
హన్మకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ
జిరాక్స్ మిషను పక్కన బల్లేసుకున్న
కట్టయ్య సారు దగ్గరికి పోయిన.

ఫైలు తెరవనే లేదు.
అమ్మేటోళ్ల ఇంటిపేరు అడిగి
అద్దాలు నుదుటి మీదికి నెట్టిండు.

"బొల్లెవోళ్లా?
అన్నదమ్ములు ముగ్గురూ పెట్టిన్రు, మంచిదే.
మరి సారక్కదేదీ?"

ఏ సారక్క?

"పరకాలకిచ్చిన చెల్లె.
ఆమె పెండ్లిల పప్పన్నం తిన్న నేను."

ముప్పై ఏండ్ల ఈసీల
ఆ పప్పన్నం ఎక్కడా ఎక్కలే.

నీ ఫీజెంత సారూ అంటే
గడియారం దిక్కు చూసి,
"రెండింటికి పరకాల బస్సుంది,
ముందుగాల అదెక్కు" అన్నడు.

బయానా పైసలు
జేబుల ఒక్కసారి తడుముకున్న.